గోబీ రాయి మీద మరిగే నీళ్లు

మొన్నటి వేసవిలో ఒక మధ్యాహ్నం, కావలిలో అక్వేరియం షాపు నడిపే ప్రభాకర్ వెనక గదిలో ఒక సముద్రపు రాయి మీద బిందెడు మరిగే నీళ్లు కుమ్మరించాడు. గదంతా ఆవిరి కమ్మింది. పావుగంటకు నోరు చేదెక్కింది, సాయంత్రానికి ఊపిరి అందలేదు. మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న భార్య రూతు వాంతులతో బయటపడింది.

ఆ ఊరి విలేకరిగా వార్త పంపింది నేనే. ఎడిషన్ టైము దగ్గరపడుతోంది. స్టేషన్‌కి ఫోన్ చేస్తే, "ఇద్దరూ చేపల కూర తిన్నారంట సార్" అన్నాడు కానిస్టేబుల్. కూర వికటించి మృతి అని రాసేశాను. ఇంకెవరినీ అడగలేదు.

మూడో రోజు షాపుకు వెళ్లాను.

"రాసింది నువ్వేనా అన్నా?" అంది రూతు. "మా ఆయన అన్న నీ పేపరు పట్టుకొచ్చి, కూరలో ఏం కలిపినావని వీధిలో నిలబెట్టి అడిగినాడు. అదే కూర నేనూ తిన్నాను గదా!"

"పొరపాటైందమ్మా. అసలేం జరిగింది?"

ఆమె ఒక బకెట్ చూపించింది. అందులో చిటికెన వేలంత కూడా లేని ఆకుపచ్చ చేప ఈదుతోంది. పసిఫిక్ పగడపు దిబ్బల సందుల్లో బతికే గోబీ. చెన్నై నుంచి రాయితో సహా తెప్పించాడట. రాయి నిండా బొత్తాల్లాంటి గోధుమరంగు జీవులు పెరిగి చేప కనపడటం లేదని కొనేవాళ్లు గొణిగారు.

"దీన్ని మాత్రం పదిలంగా తీసి బకెట్లో వేసినాడు. 'దొరగారికి స్నానాల గది కడగాల' అని నవ్వినాడు కూడా."

మంచినీటి ట్యాంకుల రాళ్లను వేడినీళ్లతో కడగడం ఈ వ్యాపారంలో అలవాటు. ప్రభాకర్ ఏళ్లుగా అదే చేశాడు. సముద్రపు రాయి అతనికి కొత్త.

నెల్లూరులో జంతుశాస్త్రం చెప్పే ఒక లెక్చరర్‌ని అడిగాను. ఆ బొత్తాల జీవుల్లో కొన్నిటికి ప్రాణం తీసేంత విషం ఉంటుందనీ, వేడినీళ్లు పోస్తే ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరగలదనీ చెప్పారు.

"రాయి ఉందా? పరీక్ష చేయిస్తే తేలుతుంది."

రాయి లేదు. షాపు కడిగిన బంధువులు మున్సిపాలిటీ బండిలో పడేశారు. పోలీసులు సీలు వేసి తీసుకెళ్లింది కూర గిన్నెను.

లెక్చరర్ చెప్పింది రాసి పంపితే లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. అప్పటి నుంచి, చెప్పేవాడు కళ్లారా చూశాడా లేదా అని అడగకుండా వార్త పంపడం మానేశాను. రూతుకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

కూరలో విషం లేదని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. శరీర భాగాల్లోనూ మామూలు విషాలేవీ దొరకలేదు. ఈ విషానికి అక్కడ పరీక్ష లేదు. మరణ కారణం దగ్గర 'నిర్ధారణ కాలేదు' అని రాశారు. కేసు మూయలేదు. పిలిచినప్పుడల్లా రూతు స్టేషన్‌కి వెళ్లి, ఆ మధ్యాహ్నం ఏం వండిందో మళ్లీ చెప్పి వస్తోంది.