జాబెజ్ స్వెట్టరు చేతి అంచులు

థర్జా కోలింగ్ నోటికి జడవని మగాడు స్కార్‌విక్ రేవులో లేడు. ఒకప్పుడు ఆమె చేతులు కూడా అంత గట్టివే. డెబ్బైకి దగ్గర పడ్డాక కీళ్ళవాతం పట్టుకుని వేళ్ళు అల్లం కొమ్ముల్లా వాచి వంకర్లు పోయాయి. టీ కప్పు పట్టుకోవడమే గగనమైపోయింది, ఇక సన్నటి ఉక్కు సూదులు ఏం పట్టుకుంటుంది!

చేతులు పోయాకే ఆమెకు గుండెల్లో రాయి పడింది, ఊళ్ళో గ్యాన్సీ సరిగ్గా అల్లే ఆడది మిగల్లేదని. గ్యాన్సీ అంటే అక్కడి జాలర్లు ఒంటికి బిగుతుగా తొడుక్కునే నీలం ఊలు స్వెట్టరు. ఐదు సూదుల మీద గుండ్రంగా, ఎక్కడా అతుకు లేకుండా, చలిగాలి చొరనంత గట్టిగా అల్లుతారు. ఇంటికో డిజైను. దాన్ని కాగితం మీద పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. తల్లిని చూసి కూతురు నేర్చుకోవడమే. ఇప్పటి పిల్లలేమో బజారులో నైలాన్ స్వెట్టర్లు కొని మొగుళ్ళకి తొడుగుతున్నారు.

"అది వేసుకుని సముద్రం మీదికి పోయేవాడికి చలి సంగతి తర్వాత, ముందు సిగ్గు వెయ్యాలి," అని ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మెట్ల మీద నిలబడి అందరికీ వినపడేట్టే అంది థర్జా.

అనేసి ఊరుకుంటే ఆమె థర్జా ఎందుకవుతుంది? ప్రార్థనా మందిరం వెనక గదిలో ప్రతి గురువారం సాయంత్రం అల్లిక తరగతి పెట్టించింది. చేతులు లేని పంతులమ్మ ఏం నేర్పుతుందని నవ్వినవాళ్ళూ ఉన్నారు. అందుకే హెప్సీని పక్కన కూర్చోబెట్టుకుంది.

హెప్సీ, థర్జా ఒక బల్ల మీద చదువుకున్నవాళ్ళు. హెప్సీ పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగా హెర్రింగ్ చేపల వెంట, పడవలు ఏ రేవుకి పోతే ఆ రేవుకి, చేపలు కోసే పనికి వెళ్ళేది. ఆకురాలు కాలం వచ్చిందంటే దక్షిణాన యార్మత్‌లోనే మకాం. అక్కడే కత్తి దిగి కుడి బొటనవేలు బిర్రబిగుసుకుపోయింది. దాంతో అల్లేటప్పుడు ఒక సూది నుంచి ఇంకో సూదికి మారే చోట ఒక్క కుట్టు వదులవుతుంది, వరస వెంట వరస, నిలువునా ఒక సన్నటి గీత పడుతుంది.

"ఏమే, ఎలక దూరేంత సందు పెట్టి పిల్లలకి నేర్పుతున్నావా!" అని థర్జా తరగతిలో అందరి ముందూ దులిపేది.

"నా బొటనవేలు యార్మత్ చేపల పీపాల్లోనే ఉండిపోయిందే తల్లీ. కావాలంటే వెళ్ళి వెతికి పట్రా!" అని హెప్సీ.

ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులతోనే చలికాలం గడిచి, గది నిండింది.

థర్జా అందరికీ మొదట చెప్పింది చేతుల సంగతి. గ్యాన్సీ చేతిని భుజం దగ్గర మొదలుపెట్టి మణికట్టు దాకా కిందికి అల్లుతారు. ముందు అరిగేది చేతి అంచే కదా, అంతమేరా విప్పేసి కొత్త ఊలుతో మళ్ళీ అల్లుకోవచ్చు. "ఆ అంచు అల్లేది పెళ్ళాం. పెళ్ళాం లేనివాడికి తల్లి. ఇంకొకతి అల్లిందంటే ఊరు ఊరంతా చెవులు కొరుక్కుంటుంది," అని థర్జా నవ్వుతూ చెప్పింది. స్కార్‌విక్‌లో అది అలాగే ఉండేది మరి.

వేసవి మొదట్లో పాత గ్యాన్సీలన్నీ గోడలకి వేలాడదీసి ఊరికి చూపించాలనుకున్నారు. సరిగ్గా ఆ వారమే హెప్సీ దగ్గుతో మంచమెక్కింది. తన బదులు మేనకోడలు మార్జరీతో, పెట్టెలో తన తండ్రి గ్యాన్సీ ఉంది, పట్టుకెళ్ళమంది. మార్జరీ పెట్టె తెరిస్తే పైన ఒకటి, అడుగున గుడ్డలో చుట్టి ఇంకొకటి కనిపించాయి. పాపం, ఎన్నుంటే అంత మంచిదే కదా అని రెండూ తెచ్చేసింది.

"పిన్నీ, ఈ రెండోది కూడా తాతదే అయ్యుంటుంది. ఎంత బాగుందో చూడు!"

థర్జా చూసింది. ఛాతీ మీద తన పుట్టింటి డిజైను, కింది అంచు దగ్గర తన భర్త జాబెజ్ పేరు పొడి అక్షరాలు. పెళ్ళికని తనే అల్లిన గ్యాన్సీ! పెళ్ళయిన మూడో ఏడు యార్మత్ బసలో ఎవడో కొట్టేశాడని జాబెజ్ ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి అతన్ని సముద్రం తీసుకుంది, శవం కూడా దొరకలేదు. ఒక్క క్షణం ఆమె ప్రాణం లేచొచ్చింది. దాన్ని గుండెలకి హత్తుకుంది కూడా, పిచ్చిది.

తర్వాత చేతి అంచులు చూసింది.

రెండూ విప్పి మళ్ళీ అల్లినవే. సూది మారిన చోటల్లా ఆ వదులు గీత. చలికాలమంతా తను వెక్కిరించిన గీత అది. ఒక రాత్రి పొరపాటయితే అంచులు అరగవు. అరిగాయంటే ఏళ్ళ తరబడి తొడుక్కున్నాడు. ఊలు రంగు చూసి ఇంకా కుంగిపోయింది. నీలం ఏ ఏటికా ఏడు కాస్త తేడాగా వస్తుంది. ఈ అంచులేమో ఒంటి రంగులో కలిసిపోయాయి. పెళ్ళినాటి ఊలులో మిగిలిన రెండుండలు ఎవరు అడిగి పట్టుకెళ్ళారో ఆమెకు బాగా గుర్తుంది.

గ్యాన్సీ చంకలో పెట్టుకుని తిన్నగా హెప్సీ ఇంటికి పోయి, మంచం మీద పరిచింది.

హెప్సీ దాన్ని చూసి లేచి కూర్చుంది. "మార్జరీని నాన్నది ఒక్కటే పట్టుకెళ్ళమన్నాను," అంది.

"అదా నువ్వు చెప్పే మాట? ఎన్నాళ్ళే?"

"యార్మత్ వెళ్ళినప్పుడల్లా."

"ఎప్పటిదాకా?"

"పోయేదాకా."

"స్వెట్టరు కాపాడుకోలేని దద్దమ్మవని ఆ చలికాలమంతా ఆయన్ని ఆడిపోసుకున్నానే! నువ్వు పక్కనే కూర్చుని నవ్వావు."

"నవ్వాను."

"ఊలు మీ నాన్న మేజోళ్ళకన్నావు."

హెప్సీ తల దించుకుంది.

"ఆయన పోయినప్పుడు నెల్లాళ్ళు మా ఇంట్లోనే పడుకున్నావు. నాకంటే ఎక్కువ ఏడ్చావు. నా కోసం ఏడుస్తోంది, తోడబుట్టినదైనా ఇంత ఏడవదనుకున్నాను. నేను లేచి నీకు టీ పెట్టిచ్చానే! మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని, నిన్ను నేను ఓదార్చానే!"

"నాకూ ఏడవడానికి చోటు కావాలి కదే థర్జా. ఇంకెవరింటికి పోను?"

థర్జా గ్యాన్సీని మళ్ళీ చంకలో పెట్టుకుని బయటికొచ్చేసింది. జాబెజ్ చేసింది ఎలాగోలా మింగొచ్చు, వాడు మగాడు, పోయాడు కూడా. హెప్సీ చేసిందో? ఇన్నేళ్ళ స్నేహంలో ఏది తనదో, ఏది జాబెజ్‌దో ఇప్పుడెలా విడదీసుకోవడం?

గురువారం తరగతికి థర్జా ఆ గ్యాన్సీ పట్టుకునే వచ్చింది. దగ్గుతూనే హెప్సీ కూడా వచ్చి చివరి బెంచీ మీద కూర్చుంది.

"ఇవాళ చేతి అంచు విప్పి అల్లడం," అంది థర్జా. కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. హెప్సీ అల్లిందంతా వరస వెంట వరస ఊడొచ్చి ఒళ్ళో పోగుపడింది. మొగుడు ఎలాగూ దక్కలేదు, పెళ్ళాం పనైనా తన చేత్తోనే చెయ్యాలని ఆమె పంతం.

విప్పడానికి వేళ్ళు సరిపోయాయి. కుట్లు సూదికి ఎక్కించడానికి సరిపోలేదు. ఒకటి ఎక్కిస్తే రెండు జారాయి. సూది కింద పడింది. మార్జరీ అందించింది, మళ్ళీ పడింది. నోళ్ళు తెరుచుకున్న కుట్లు పైకి, పెళ్ళికి ముందు థర్జా తనే అల్లిన భాగంలోకి ఊడిపోసాగాయి.

"పిన్నీ, జారిపోతున్నాయి!" అని మార్జరీ కంగారు పడింది. తరగతిలో అంత సన్నటి కుట్టు పట్టుకోగల చెయ్యి ఇంకా ఎవరికీ రాలేదు, ఒక్కతికి తప్ప.

హెప్సీ లేచి నిలబడింది. దగ్గరికి రాలేదు. పిలిస్తే వద్దామని చూస్తోంది.

థర్జా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ స్వెట్టరు చేతిని అలా ఊడిపోనిద్దామనే అనుకుంది, హెప్సీ చెయ్యి మళ్ళీ దాని మీద పడటం కంటే అదే నయం. కానీ గదినిండా ఆడవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు, ఇంత అరిగిన అంచు మళ్ళీ ఎలా లేస్తుందా అని. గ్యాన్సీని చాచి పట్టుకుంది.

"పట్టుకో," అంది. "నీకు అలవాటేగా."

పాత సరసమే అనుకుని ఆడవాళ్ళు నవ్వారు. హెప్సీ పక్కన కూర్చుని ఒక్కొక్క కుట్టూ ఏరి సూదికెక్కించింది. థర్జా ఎన్ని వదలాలో, ఎక్కడ తిప్పాలో చెబుతూ పోయింది. కొత్త అంచు నలుగురి కళ్ళముందే లేచింది, అందరూ నేర్చుకున్నారు కూడా.

దీపాలు ఆర్పి అందరూ వెళ్ళాక, ఎప్పట్లాగే చెయ్యి పట్టుకుని నడిపిద్దామని హెప్సీ గుమ్మం దగ్గర ఆగింది. థర్జా తలకి రుమాలు కట్టుకుని గోడ పట్టుకుని ఆమెను దాటిపోయింది.

"వచ్చే గురువారం రమ్మంటావా?" అని వెనక నుంచి అడిగింది హెప్సీ.

థర్జా ఆగింది గానీ తిరగలేదు.

"రా. చేతులు తెచ్చుకో. మిగతా నిన్ను ఇంట్లో పెట్టి రా."