మాట్స్‌కు భూమి తిరిగిన సంగతి

ప్రష్యా తీరాన టోల్కెమిట్ రేవులో చేపల పీపాలు చేసే మాట్స్ పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ కళ్ళు తిరిగి పడినవాడు కాడు. తుపానులో పడవెక్కినా, కడుపునిండా బీరు పట్టించినా, నిటారుగా ఇంటికి నడిచొచ్చేవాడు. అలాంటివాడు పక్క ఊరి పెద్ద చర్చిలో వంట చేసే మరదలు చెప్పిన మాట విని గోడ పట్టుకున్నాడు.

"మా పెద్దయ్యవారొకరు లెక్కలేసి తేల్చారట బావా. సూర్యుడు కదలడంట. మనమే భూమితో సహా గిర్రున తిరుగుతున్నామంట."

"ఎంత జోరుగా?"

"నేనేమన్నా పక్కన నిలబడి చూశానా?" అంటూ ఆవిడ ఉల్లిపాయలు తరుక్కుంది.

ఆనాటి నుంచి మాట్స్ గోడ వదల్లేదు. గోడ లేనిచోట పాకాడు. పీపాలన్నీ తాళ్ళతో కట్టేశాడు, కోడిపుంజుతో సహా.

"ఏమయ్యా, నేనూ ఈ భూమ్మీదేగా ఉంది? నాకు లేని తిరుగుడు నీకెక్కణ్ణుంచొచ్చింది?" అని పెళ్ళాం ఓర్తె నిలదీసింది.

"నీకు తెలీదు కాబట్టి నిలబడ్డావే. తెలిశాక కష్టం."

అది విని చేపలమ్మే ఆడవాళ్ళిద్దరు, ఎందుకైనా మంచిదని, వాళ్ళూ గోడలు పట్టుకున్నారు.

ఆదివారం ఓర్తె మొగుణ్ణి చర్చికి ఈడ్చుకెళ్ళింది. సంగతి ముందే చెవినపడ్డ ఫాదర్ టీడెమాన్ ప్రసంగంలో బల్ల గుద్ది చెప్పాడు: "భూమి కదలదు! దేవుడు నిలిపిన చోటే ఉంది!"

మాట్స్ పట్టుకున్న స్తంభం వదిలేశాడు. నడిచాడు. గెంతి కూడా చూశాడు. ప్రార్థన ముగిసి గడప దాటాడో లేదో, మళ్ళీ నాలుగు కాళ్ళ మీదికొచ్చేశాడు.

"ఫాదరు గారూ, మీ మాట లోపలే చెల్లుతోందండీ. బయట చెల్లట్లేదు."

మర్నాడు పనిముట్లన్నీ మోయించుకుని చర్చిలోకి మకాం మార్చాడు. బలిపీఠం వెనక సుత్తి మోత, ముందు ప్రార్థన. చేపలమ్మేవాళ్ళు బుట్టలతో సహా వచ్చి చేరారు. పాపాలు ఒప్పుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ రొదలో గొంతెత్తి అరవాల్సి వచ్చింది. దాంతో ఊళ్ళో చాలా సంగతులు బయటపడ్డాయి.

"బయటా కదలదురా నాయనా!" అని ఫాదర్ బతిమాలాడు.

"అక్కడికొచ్చి చెప్పండి మరి."

ఆయన ముందు నడుస్తూ "కదలదు, కదలదు" అంటుంటే, మాట్స్ వెనకే వచ్చాడు. బజారు మధ్యకొచ్చేసరికి ఫాదర్‌కు దగ్గు తెర అడ్డొచ్చింది. మాట ఆగింది. మాట్స్ కూలబడ్డాడు.

ఫాదర్‌కు ఒళ్ళు మండింది. "ఓరి మొద్దూ! తిరిగితే మాత్రం నీకేం మునిగిందిరా? నీళ్ళు కదలని రోజున పడవలో పోతుంటే కూజాలో బీరు తొణుకుతుందా? ఇదీ అంతే! నీతో, నీ పీపాలతో కలిపి నున్నగా పోతుంది!"

బజారంతా విన్నది. ఫాదర్ చప్పున నోరు మూసుకున్నాడు. మాట్స్ లేచి నిలబడ్డాడు. ఒకడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు.

"ఈ ముక్క మొదటే చెప్పొచ్చు కదండీ!"

కబురు బిషప్పు గారి కొలువుకు చేరింది. ఫాదర్‌ను పిలిపించారు. సాక్షిగా మాట్స్ కూడా వెళ్ళాడు.

"మీ ఫాదర్ భూమి కదలదన్నాడా, తిరుగుతుందన్నాడా?" అని అక్కడి విచారణ అధికారి మాట్స్‌ను గద్దించాడు.

"రెండూ చెప్పారండయ్యా. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. రెండూ పనిచేశాయి."

అధికారి చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. చివరికి ఇద్దరికీ భోజనం పెట్టించి పొమ్మన్నాడు.

 తిరుగు దారిలో మాట్స్ ఫాదర్‌తో ఆ పూట తిన్న పొగబెట్టిన చేప ఎంత బాగుందో ఊరొచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.