మా లాయరు రాసిన మనిషి

గల్ఫ్‌లో, అజైబా అనే చోట ఒక లాయరు ఆఫీసులో పనిచేస్తున్నాను. తెలుగువాళ్ల కేసులొస్తే వాళ్ల మాట లాయరుకు, ఆయన మాట వాళ్లకు చేరవేసేది నేనే. పోయిన వేసవిలో వచ్చిన ఒక కేసు ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

ఇబ్రా అనే ఊళ్లో ఒక సైట్‌లో తాపీపని చేసే నిజామాబాద్ మనిషి, తన రూమ్‌లోనే ఉండే కడప మనిషిని కొట్టి దవడ విరగ్గొట్టాడు. కేసు పెట్టి, పూచీ మీద వదిలారు. అవతలి లాయరు అతన్ని “క్రూర స్వభావం గలవాడు, తోటివారికి ప్రమాదకారి” అన్నాడు. అది నేను తెలుగులో చెప్పినప్పుడు నిజామాబాద్ మనిషి తల దించుకుని విన్నాడు. తర్వాత మా లాయరు రాసిన జవాబు చెప్పాను: “నా కక్షిదారు అమాయకుడు, మంచిచెడులు తెలియనివాడు. దెబ్బతిన్నవాడే తాగుబోతు, కయ్యాలమారి.”

అతను దిగ్గున లేచాడు.

“వాడు తాగడక్కా! నాకు జరమొస్తే గంజి కాసి తాపింది వాడే.”

“మరి ఎందుకు కొట్టావు?”

“మా అమ్మను తిట్టిండు. కోపమొచ్చింది, కొట్టిన. గదే రాయమను.”

లోపలికెళ్లి చెప్పాను. “అలా రాస్తే జైలే, అతనికి అర్థమయ్యేలా చెప్పు,” అన్నాడు లాయరు. రెండు గదుల మధ్య మాటలు మోస్తూ ఎన్నోసార్లు తిరిగాను. చివరికి ‘తాగుబోతు’ ఒక్కటి కొట్టేశారు. మిగతాది అలాగే ఉండిపోయింది.

వాయిదా రోజున కడప మనిషి కట్టుతోనే ఇబ్రా కోర్టుకొచ్చాడు. జడ్జి అడిగితే, దవడ కదలక ముద్దముద్దగా అన్నాడు: “ఐసా ఆద్మీ నై సాబ్. గుస్సే మే మారా, బస్. మాఫ్ కియా.” అలాంటివాడు కాదు, కోపంలో కొట్టాడంతే, క్షమించేశానని.

జైలు తప్పింది. తీర్పులో మాత్రం ‘మంచిచెడులు తెలియనివాడు’ అనే మాట ఉంది.

బయట మెట్ల మీద నిజామాబాద్ మనిషి నా దగ్గరికొచ్చాడు. “ఇడిసిపెట్టిండ్రు, మంచిదే. కానీ తెల్వక కొట్టిన అని రాసుకున్నరు గదా అక్కా? నాకు తెలుసు. తెలిసే కొట్టిన. అందుకే వాని మొకం చూడలేకపోతున్న.”

అతను వెళ్లి కడప మనిషి ఎదుట నిలబడ్డాడు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు కానీ, ఇద్దరూ ఒకే కంపెనీ బండి ఎక్కారు.

తిరుగుదారిలో లాయరు ఫోన్లో కేసు గెలిచిన సంగతి చెప్పుకుంటూనే ఉన్నాడు. నాకు కారు ఆపించి దిగిపోవాలనిపించింది. దిగి ఎక్కడికెళ్లాలో మాత్రం తెలియలేదు.