బోల్టులు బిగించడానికి వచ్చే అన్న

మా అన్న పేరు నేను పైకి పలకను. మా తెగలో ఈడొచ్చిన చెల్లెలు అన్న పేరు పలకదు, అన్న కూర్చున్న గదిలోకి పోదు, దారిలో ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది. ఒకరితో ఒకరు మాట్లాడాలంటే మధ్యలో మూడో మనిషి ఉండాల్సిందే. అతను పోయి రెండేళ్లయినా నా నోరు ఇంకా ఆ కట్టుబాటులోనే ఉంది. రాయకూడదని మాత్రం పెద్దవాళ్లెవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. అతని పేరు ఒనెజీమ్.

మొండివాడు. తూర్పు తీరంలో మా పుట్టింటి ఊరికంతటికీ బండి అతనిదొక్కటే. రిటైరైన పోలీసు దగ్గర కొన్న పాత డీజిల్ పెజో, వెనక సామాన్లకు చోటున్న తెల్లబండి. రోగుల్ని ఆసుపత్రికి, పెండలం దుంపల్ని సంతకి, పెళ్లివాళ్లని చర్చికి అందులోనే చేరవేసేవాడు. ఎవరేం అడిగినా కాదనడు. తను మాత్రం ఎవర్నీ ఏమీ అడగడు. ఆకలేస్తున్నా ఎవరింటికైనా వెళ్తే తినే వచ్చానంటాడు. చేతిలో ఉన్నది ఇవ్వడమే తప్ప చెయ్యి చాచడం రాని మనిషి. ఆ గుణం చూసి నాకు గర్వంగానూ ఉండేది, ఒళ్లూ మండేది.

నా కొడుకు తిమొతే పుట్టినప్పుడు ఒనెజీమ్ కనుమ దాటి మా అత్తవారి ఊరికి వచ్చాడు. బిడ్డకి ఒళ్లు తండ్రి వంశం ఇస్తుంది, ఊపిరి మేనమామ ఇస్తాడు. మేనమామ వచ్చి చెవిలో ఊదందే బిడ్డ ఇంకా పూర్తిగా మనిషి కానట్టే లెక్క. బండినిండా పెండలం దుంపలు తెచ్చి, మా అత్త జెర్మేన్ ముందు పేర్చి, పిల్లాడి చెవిలో ఊదాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. తర్వాత, నాకు వినపడేలా గొంతు పెంచి, మా అత్తతో అన్నాడు.

"అత్తా, మా అమ్మకి చూపు పోతోంది. పొద్దున ఎండలో అయితేనే మొహాలు పోల్చుకుంటోంది. అదీ ఎన్నాళ్లో తెలీదు. తల్లినీ బిడ్డనీ ఓసారి తీసుకుపోయి చూపించి మళ్లీ దింపుతాను."

"తీసుకుపో నాయనా. రేపే బయల్దేరండి," అంది అత్త.

తెల్లారి బండి తియ్యబోతే కదల్లేదు. మళ్లీ మళ్లీ తాళం తిప్పగా తిప్పగా ఎట్టకేలకు అంటుకుంది గానీ, వెనకనుంచి తెల్లటి పొగ. రేడియేటర్ మూత తీస్తే లోపల నీళ్లు బుడగలు. జరిగిందేమిటంటే, వచ్చేటప్పుడు కనుమ మీద నీళ్ల గొట్టం కారింది. దారిపొడుగునా ఇళ్లున్నాయి. ఒక బిందె నీళ్లిమ్మని అడిగితే ఎవరూ లేదనరు. అడగలేదు మహానుభావుడు! సలసల కాగుతున్న ఇంజన్ని అలాగే వాగుదాకా తోలుకొచ్చి, చల్లటి నీళ్లు ఒక్కసారిగా పోశాడు. ఇంజన్ మీద మూతలా కూర్చునే సిలిండర్ హెడ్ పగలక ఏమవుతుంది?

బస్సు కనుమ దాటదు. తీరం వెంట రాజధాని నుమేయా దాకా దిగి, అక్కణ్ణుంచి మళ్లీ అటువైపు పైకి రావాలి. పచ్చి బాలింతని అంత దూరం పంపడానికి అత్త ఒప్పుకోలేదు. నా భర్త గాస్పార్‌ని గనివాళ్ల లారీ సోమవారం తీసుకుపోతే మళ్లీ శనివారమే దింపేది. కాబట్టి బండి బాగుపడాలి, అమ్మ చూపు పూర్తిగా పోకముందే బాగుపడాలి.

మా ఊళ్లో అలాంటి పెజో ఇంకొకటుంది. మా మామగారిది. ఆయన పోయాక దాన్ని ఎవరూ తియ్యలేదు. సముద్రపు గాలికి ఒళ్లంతా తుప్పుపట్టింది గానీ ఇంజన్ నిక్షేపంలా ఉందని అందరికీ తెలుసు. కోళ్లు వెనకసీట్లో గుడ్లు పెట్టేవి. సాయంత్రాలు మా అత్త ముందుసీట్లో, ఎప్పుడూ కూర్చునే వైపే, కాసేపు కూర్చుని వచ్చేది. ఆ బండి ఒనెజీమ్ చూశాడు. చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఆ బండి హెడ్డు ఇమ్మని అడగలేక ఏం చేశాడనుకున్నారు? చేమదుంప పిండి తెచ్చి రేడియేటర్లో పోశాడు! పిండి ఉడికి పగుల్లో గట్టిపడి నీళ్లు ఆపుతుందని వాళ్ల స్నేహితుడెవడో ఎప్పుడో చెప్పాట్ట. ఇంజన్ వేడెక్కింది. మూత ఎగిరిపోయింది. బోనెట్ సందుల్లోంచి తెల్లటి జావ బుడబుడమని పొంగి నేలంతా పారింది. కోళ్లన్నీ పరిగెత్తుకొచ్చాయి. మా అత్త వంటపాకలోంచి వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏమయ్యా, బాలింతకి జావ కాస్తున్నావా? ఉప్పేశావా?"

నేను పాకలో నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాను. అతను మాత్రం నవ్వలేదు. కాలవ దగ్గర కూర్చుని చీకటిపడేదాకా రేడియేటర్ కడిగాడు. ఆ వంగిన వీపు చూసేసరికి నా నవ్వు పోయింది. అమ్మ పొద్దుటెండలో వాకిట్లో కూర్చుని దారి చూస్తుంటుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు తలస్నానం చేసి, కొత్త పూలగుడ్డ ఒకటి, పొగాకు కట్ట ఒకటి చేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. అత్త చాప వేసి కూర్చుంది. గుడ్డా పొగాకూ నేలమీద పెట్టి, తల దించుకుని నిలబడ్డాడు. పక్కింటి కుక్క వచ్చి పొగాకు వాసన చూసి పోయింది.

"అత్తా," అన్నాడు చివరికి. "ఈ వాకిట్లోకి ఇవ్వడానికి రావడమే నాకు తెలుసు. ఇవాళ అడగడానికి వచ్చాను. అది మావయ్య కూర్చున్న బండి. దాని హెడ్డు నాక్కావాలి. మా అమ్మ తన మనవణ్ణి చూడాలి."

మా అత్త గుడ్డ మీద చెయ్యి వేసింది. వేసిందంటే ఒప్పుకున్నట్టే. కానీ ఆవిడ ఊరుకునే రకమా?

"ఇంతోటి మాటకి ఒక బస్తా చేమపిండి తగలేశావు కదయ్యా," అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ముందుసీటు మాత్రం కదపకు. అది నాది," అంది.

పని మొదలైంది. ఇంజెక్టర్ పైపులు ఊడదీసి మూతులకి గుడ్డపేలికలు కట్టాడు. పుష్ రాడ్లు ఏది ఎక్కడిదో తేడా రాకుండా అరటిబోదె ముక్కలో వరసగా గుచ్చాడు. రెండు బళ్ల హెడ్లూ దించాడు. పగిలింది పక్కన పెట్టి, మామగారి బండిది డీజిల్‌తో కడిగి, ఇనప స్కేలు అడ్డంగా పెట్టి వంకర ఉందేమో చూశాడు. హెడ్డుకీ ఇంజన్‌కీ మధ్య పరిచే కొత్త గ్యాస్కెట్ నుమేయా నుంచి బస్సు డ్రైవరు తెచ్చాడు. బోల్టు ఇంత బిగువుకి రాగానే టక్‌మని చెప్పే స్పానర్ ఒకటి గాస్పార్ గని వర్క్‌షాపులో అడిగి తెచ్చి, సోమవారం మళ్లీ గనికి పోయాడు.

ఇక హెడ్ ఎక్కించాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చెరో కొనా పట్టుకుని నిటారుగా, రెండు కొనలూ ఒకేసారి ఆనేలా దింపాలి. ఒక పక్క ముందు తగిలి గ్యాస్కెట్ చిరిగితే మళ్లీ నుమేయా, మళ్లీ వారం. అక్కడున్నదేమో అత్త, నేను, చాపమీద తిమొతే.

"నా మణికట్లు పనికిరావు," అంది అత్త. "నువ్వు పట్టుకోవే ఒనొరీన్."

"అత్తా! ఆయన..."

"మీ అన్నే. ఎవరు కాదన్నారు? మధ్యలో ఇంత లావు ఇనపముక్క ఉంది, చాలదా అడ్డం?"

నేను వెళ్లి అటువైపు నిలబడ్డాను. ఈడొచ్చాక అతనికి అంత దగ్గరగా నిలబడటం అదే మొదలు. ఇద్దరం తలలు దించుకున్నాం. నాకు అతని చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. నాన్న చేతుల్లాగే ఉన్నాయి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

"అల్లుడూ," అన్నాడు ఒనెజీమ్, చాపమీద కాళ్లాడిస్తున్న నా కొడుకుతో. "మీ అమ్మకి చెప్పు. కట్టెలమోపు పట్టినట్టు కాదు, నిన్నెత్తుకున్నట్టు పట్టుకోమను."

నాకు రోషం వచ్చింది. "నాన్నా, మీ మామకి చెప్పు. మొయ్యడం నాకొచ్చు, తన వైపు తను చూసుకోమను. చేమపిండి జారుతుందేమో."

అత్త పకపకా నవ్వింది. "అల్లుడూ, మీ అమ్మ నోరు చిన్నప్పుడూ ఇంతే," అన్నాడు అతను. హెడ్ లేపాం. అది గాల్లో ఉండగా, గొంతు తగ్గించి అన్నాడు. "వాగులో రొయ్యలబుట్ట ఇద్దరం ఇలాగే మోసేవాళ్లం. గుర్తుందేమో అడుగు."

"గుర్తుందని చెప్పు నాన్నా," అన్నాను.

"అయితే అలాగే. వాగు దాటేటప్పుడు నడిచినట్టే. మెల్లగా... మెల్లగా... వదలమను."

హెడ్ ఇంజన్ మీద కూర్చుంది. గ్యాస్కెట్ చెక్కుచెదరలేదు. అతను నడిమి బోల్టుతో మొదలుపెట్టి బయటికి చుట్టూ తిరుగుతూ, విడతలుగా బిగించాడు. ఒక్కో బోల్టు కిర్రుమని తిరిగి, చివరికి టక్‌మనేది. ఆ సాయంత్రం బండి దగ్గి, నల్లగా ఒక పొగ వదిలి, శుభ్రంగా నడిచింది. అత్త తన ముందుసీట్లో కూర్చుని వింటూ, "ఆ చప్పుడు నాకు తెలుసు," అంది.

తెల్లారకముందే బయల్దేరి కనుమ దాటాం. నేను బిడ్డతో వెనకసీట్లో. దారిలో ఒక ఇంటి ముందు బండి ఆపి, దిగి, బిందె నీళ్లడిగి తెచ్చుకున్నాడు మా అన్న. అవసరం లేకపోయినా! పుట్టింటికి చేరేసరికి అమ్మ ఎండలో కూర్చుని ఉంది. బిడ్డని మొహం దగ్గరికి తెచ్చుకుని ముక్కూ నుదురూ కళ్లారా చూసుకుంది. తర్వాత బండి సంగతంతా కొడుకుచేత చెప్పించుకుంది.

"హెడ్డుకి రెండో కొన ఎవరు పట్టారు?" అని అడిగింది.

అతను నేలచూపులు చూశాడు. నేను అమ్మ వెనక్కి తప్పుకున్నాను. ఆవిడకి అర్థమైపోయింది. "అంటే రొయ్యలబుట్ట తర్వాత మళ్లీ ఇప్పుడు," అంది, ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తూ. వానలు మొదలయ్యేసరికి ఆవిడ చూపు పూర్తిగా పోయింది. చివరిదాకా ఆ ఉదయం గురించే చెప్పేది.

హెడ్ వేసిన బండిని కొంత దూరం తిప్పాక బోల్టులు మరోసారి బిగించాలి. అది రూలే. ఆ స్పానర్ గనివాళ్లు తిరిగి అడగలేదు, మా ఇంట్లోనే ఉండిపోయింది. కాబట్టి బిగించడానికి ఒనెజీమ్ మా ఊరికే వచ్చాడు. ఆ మరుసటి ఏడూ వచ్చాడు. ఆ పైఏడూ. "పాత బండి కదా, చూసుకోవాలి," అనేవాడు అత్తతో. స్పానర్ నువ్వే ఉంచుకోమని గాస్పార్ ఎన్నిసార్లన్నా, "నా దగ్గరుంటే పోతుంది బావా," అనేవాడు. పెండలం దుంపలు దింపి, బోనెట్ ఎత్తి, తిమొతేని పిలిచేవాడు. నేను కాఫీ పట్టుకుని ఇంజన్‌కి అటువైపు నిలబడేదాన్ని.

"అల్లుడూ, మీ అమ్మని మోకాళ్లనొప్పి ఎలా ఉందో అడుగు."

"తగ్గిందని చెప్పు నాన్నా. మీ మామని ఆ పొగ తాగడం మానమను."

తిమొతేకి కాస్త వయసొచ్చాక విసుక్కునేవాడు. "మామా, అమ్మ ఇక్కడే ఉంది. నువ్వు చెప్పేది వినపడుతోంది. మధ్యలో నేనెందుకు?"

"నోరు మూసుకుని చెప్పరా," అనేవాళ్లం ఇద్దరం ఒకేసారి, ఎవరి వైపూ చూడకుండా. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే ఏడుపూ వస్తుంది.

ఒనెజీమ్ పోయాక బండి మేనల్లుడికి వచ్చింది. తిమొతే ఇప్పుడు గనిలో మెకానిక్కు. మొన్న దాన్ని తీసుకొచ్చి మా వాకిట్లో పెట్టి, బోనెట్ ఎత్తి, గోడనున్న ఆ స్పానర్ తీసుకుని ఒక్కో బోల్టు చూశాడు. టక్. టక్. టక్.

"అమ్మా," అన్నాడు ఆగి. "ఈ బోల్టులు ఒక్కటీ కదలట్లేదే. చిన్నప్పుడు నేను పక్కనే ఉండేవాణ్ణి కదా, అప్పుడూ ఇలా టక్‌మనడమే తప్ప తిరిగేవి కావు. మామ ఏటేటా కనుమ దాటి వచ్చి ఊరికే స్పానర్ పెట్టి తీసేవాడన్నమాట."

"తెలుసురా," అన్నాను. మొదటి ఏడాది బోల్టులు కిర్రుమని తిరగడం విన్నాను. ఆ తర్వాత ఒక్క ఏడూ ఆ చప్పుడు వినలేదు. అయినా కాఫీ చల్లారేదాకా నిలబడేదాన్ని.

"మరి చెప్పలేదేం?"

చేతిలోని కాఫీ గ్లాసు బండి ఫెండర్ మీద పెట్టి, నేనెప్పుడూ నిలబడే వైపుకి వెళ్లి నిలబడ్డాను.

"మిగిలినవి కూడా చూడు," అన్నాను. "మెల్లగా."