నాలుగు నుంచి నాలుగున్నర దాకా

ఆ ఆడపిల్లల బడిలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. పిల్లలకూ టీచర్లకూ గేటు దగ్గరి వాచ్‌మన్‌కూ ఆమె స్కేలమ్మ. భూగోళం గదిలో సహాయకురాలి ఉద్యోగం. కొలత గొలుసులు తుడిచి చుట్టడం, మ్యాపులు దులిపి వేలాడదీయడం, పిల్లలు బయట తిరిగి రాసుకొచ్చిన లెక్కల కాగితాలు భద్రం చేయడం ఆమె పని. గ్రాఫులు గీయడం మాత్రం ఎవరూ అప్పజెప్పింది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ కింద ఒక టీచరు సెలవులో ఉంటే అవసరానికి ఒకటి గీసిపెట్టింది. ఆ తర్వాత ఆ పని ఆమెను వదల్లేదు, ఆమె దాన్ని వదల్లేదు.

చదివింది పదో తరగతే. అయినా గ్రాఫుల దగ్గర ఆమె మాటకు ఎదురు లేదు. ఒకసారి పిల్లలు బజారులో ఏ షాపుకు ఎందరు వస్తున్నారో లెక్కపెట్టుకొచ్చి, చుక్కలు పెట్టి, వాటన్నిటినీ వరసగా గీతతో కలిపేశారు. స్కేలమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూసింది.

"కిరాణా కొట్టు నుంచి సెలూన్ దాకా గీత లాగారు. ఈ మధ్యలో ఏ షాపుందమ్మా? సగం గడ్డం గీసి సగం సామాను కట్టిస్తారా?"

పిల్లలు పడీ పడీ నవ్వి, గీత చెరిపి నిలువు పట్టీలు వేశారు. ఆ తరగతిలో ఎవరూ మళ్ళీ ఆ తప్పు చేయలేదు.

ఇంట్లో ఆమెకు తగ్గ మనిషే దొరికాడు. భర్త దర్జీ. "నువ్వు గీసి ఊరుకుంటావు, నేను గీసి కోస్తాను. మన ఇద్దరిలో ధైర్యం ఎవరిదో నువ్వే చెప్పు" అని మిషను తొక్కుతూ ఆటపట్టిస్తాడు. "ధైర్యం మీ చేతికి గుడ్డ ఇచ్చినవాళ్ళదండీ" అంటుంది ఈమె.

ఆ ఏడు ఒకరోజు నాలుగింటికి బడి వదలగానే ముందు రోడ్డు మీద ఆరో తరగతి పిల్లను లారీ గుద్దింది. ప్రాణం దక్కింది కానీ కాలు విరిగింది. పిల్లలు రోడ్డు దాటడానికి గేటు ముందు చారల దారి వేసి, బండ్లను ఆపడానికి ఒక మనిషిని పెట్టమని బడివాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. రోడ్ల ఆఫీసు నుంచి జవాబు రెండే ముక్కల్లో వచ్చింది. సగటున గంటకు రెండు వందల నలభై బండ్లే తిరుగుతున్నాయి, కాబట్టి అవసరం లేదు. వేరే లెక్క ఏదైనా ఉంటే ఫలానా మంగళవారం ఇంజనీరు వచ్చినప్పుడు చూపించుకోవచ్చు.

భూగోళం టీచరు కొత్తగా చేరిన అమ్మాయి. ఇంజనీరు రావడానికి వారం ముందే, పదో తరగతి పిల్లలను గేటు దగ్గర కూర్చోబెట్టి, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పావుగంటకోసారి బండ్లు లెక్కపెట్టించింది. వచ్చిన అంకెలతో రంగురంగుల వృత్తం వేసి తెచ్చింది. ఆటోలు పచ్చ, కార్లు నీలం, బైకులు పసుపు, లారీలు ఎరుపు.

"బాగుంది మేడం. కానీ ఇందులో లారీ చూడండి, గోటి ముక్కంత ఉంది. ఆ పిల్లను గుద్దింది ఆ గోటి ముక్కే కదా. వృత్తం ఎవరి వాటా ఎంతో చెబుతుంది. ఏ వేళకు ఎన్ని బండ్లో చెప్పదు. మనకు కావాల్సింది వేళ."

"మరి పట్టీలు వేద్దామా?"

"నలభై పట్టీలు నిలబెడితే దువ్వెనలా ఉంటుంది. వేళ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఇక్కడ గీతే మేలు."

సోమవారం మధ్యాహ్నం స్కేలమ్మ పెన్సిలు గీత మీద సిరా పోస్తోంది. గీత అందంగా ఉంది. పొద్దున లేచి, మధ్యాహ్నం పడుకొని, బడి వదిలే వేళకు మళ్ళీ లేచి నిలబడింది. సరిగ్గా అక్కడే ఆమె చెయ్యి ఆగిపోయింది. పిల్లలు రాసుకొచ్చిన కాగితం తీసి చూసింది. నాలుగుకు ముందు పావుగంటలో తొంభై ఆరు బండ్లు. నాలుగున్నర దాటాక పావుగంటలో నూట నాలుగు. మధ్యలో రెండు గళ్ళు ఖాళీ. ఆ రోజు వాన పడితే పిల్లలు సోడా షాపు చూరు కిందికి పరిగెత్తారు. లెక్కపెట్టనే లేదు. ఆమె చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ ఈ చుక్కనూ ఆ చుక్కనూ కలిపేసింది.

ఇన్నేళ్ళు ఇతరుల గీతలు చెరిపించిన మనిషి. చెవులు వేడెక్కాయి.

టీచరును పిలిచి చూపించింది. టీచరు మొహం వాడిపోయింది.

"బడి వదిలే అరగంటే కదా స్కేలమ్మా మనకు ముఖ్యం. అక్కడ గీత తెంపేస్తే ఇంక చూపించడానికి ఏముంటుంది? అటు వంద, ఇటు వంద. మధ్యలోనూ వందే ఉండి ఉంటుంది."

"ఉండి ఉంటుందేమో. మనం చూళ్ళేదుగా మేడం. ఇంకా రెండు గంటల టైముంది. ఇవాళ లెక్కపెడదాం."

నాలుగయ్యేసరికి పిల్లలు మళ్ళీ గేటు దగ్గర కూర్చున్నారు. ఈసారి బండ్లతో పాటు రోడ్డు దాటే పిల్లలను కూడా లెక్కపెట్టమంది స్కేలమ్మ. అరగంట గడిచాక కాగితం చూసి టీచరు గోడకు ఆనుకుంది. మొదటి పావుగంటలో నలభై ఒక్క బండ్లు, రెండోదాంట్లో ముప్పై ఎనిమిది.

"సగానికి సగం పడిపోయాయి. ఇంక మన అర్జీ పోయినట్టే."

స్కేలమ్మ ఆ కాగితం అందుకుంది. కాగితం అంచున ఒక పొట్టి పిల్ల ఏదో గిలికింది. "ఇదేంటమ్మా?"

"బండ్ల లైనండీ. సోడా షాపు దాటి మలుపు దాకా నిలబడిపోయాయి. హారన్ల గోలకి నేను రెండుసార్లు లెక్క మర్చిపోయి మళ్ళీ మొదలెట్టాను."

స్కేలమ్మ గీత గీసిన పాత షీటు పక్కకు తీసింది. తర్వాత కొత్త షీటు పరిచింది. పైన వారం కిందటి గీత, నాలుగు దగ్గర తెగి, నాలుగున్నర దగ్గర మళ్ళీ మొదలైంది. ఆ ఖాళీలో ఇవాళ్టి రెండు లెక్కలూ నిలువు పట్టీలుగా వేసి, కింద తేదీ రాసింది. ఒక రోజు గీతకు ఇంకో రోజు లెక్కను ముడివేయలేదు. షీటు కింది సగంలో అవే పావుగంటలకు సూటిగా, రోడ్డు దాటిన పిల్లలవి రెండు పట్టీలు. రెండూ కలిపి నాలుగు వందల పన్నెండు మంది.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. షీటు ముందు నిలబడి, వేలితో గీత వెంట నడిచి, తెగిన చోట ఆగాడు.

"ఇదేంటి, గీత మధ్యలో పోయింది?"

టీచరు స్కేలమ్మ వైపు చూసింది. పై ఆఫీసర్లు వస్తే మ్యాపుల వెనక్కి జరిగిపోయే మనిషి రెండడుగులు ముందుకు వేసింది.

"ఆ రోజు వాన పడింది సార్. అక్కడ లెక్కపెట్టలేదు. పెట్టని లెక్కకు గీత లేదు. ఆ పట్టీలు నిన్నటివి."

"నిన్నటి లెక్కలో బండ్లు తగ్గాయి. మా సగటు కన్నా తక్కువే. మరి మీకు భయం దేనికి?"

"తగ్గలేదు సార్, ఆగాయి. ఒక్కసారి కింద చూడండి. పావుగంటకు రెండు వందల మంది పిల్లలు అడ్డం పడుతుంటే బండి ఎలా కదులుతుంది? మలుపు దాకా నిలబడ్డాయి. సందు దొరికినవాడు మధ్యలోంచి దూరుతున్నాడు. మొన్న లారీ దూరింది అలాగే. మీరు రోజంతా కలిపి సగటు తీశారు, ఈ అరగంట అందులో కలిసిపోయింది."

ఇంజనీరు పైకీ కిందికీ రెండుసార్లు చూశాడు. "ఈ షీటు ఎవరు గీశారు?"

"స్కేలమ్మ" అన్నారు పదో తరగతి పిల్లలందరూ ఒకే గొంతుతో. ఆమె చీర చెంగు సర్దుకుంది కానీ తల దించుకోలేదు.

రేపటి నుంచే ఆ అరగంటకు ఒక మనిషిని పంపుతానన్నాడు ఇంజనీరు. వారం రోజులు తన మనుషులతో కూడా లెక్కపెట్టించి, ఇదే తేలితే చారల దారి వేయిస్తానన్నాడు. వెంట వచ్చిన గుమాస్తా తమ ఆఫీసు కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క గడి. రోజు మొత్తానికి ఒక అంకె.

"ఇందులో ఎలా పడుతుంది బాబూ" అంటూ స్కేలమ్మ దాన్ని వెనక్కి తిప్పింది. స్కేలు ఆనించి, పావుగంటకు ఒకటి చొప్పున నలభై గళ్ళు గీసి ఇచ్చింది.

వారం తిరిగాక చారలు పడ్డాయి. రోడ్ల ఆఫీసువాళ్ళు ఇప్పుడు ఎక్కడ లెక్కపెట్టినా ఆ నలభై గళ్ళ కాగితమే వాడుతున్నారు. బజారుకు వెళ్ళే దారిలో ఎవరైనా ఆ కాగితం ఒళ్ళో పెట్టుకొని కూర్చుని కనిపిస్తే, స్కేలమ్మ తన చేతిలో సంచీ భర్తకిచ్చి ఆగుతుంది. లెక్కపెట్టని గడిని ఖాళీగానే వదిలారా లేదా అని వంగి చూసి, అప్పుడు కదులుతుంది.