ఇసుకను నడిపించిన మబ్రూకా

ఎడారి ఊరు తిమిమూన్‌లో హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మబ్రూకాకు పాఠం మధ్యలో ఆగిపోయే అలవాటుంది. చేతిలో సుద్దముక్క అలాగే ఉంటుంది, చూపు మాత్రం కిటికీ దాటి, ఎర్రమట్టి గోడలు దాటి, ఇసుక సముద్రం వైపు వెళ్లిపోతుంది. పిల్లలు నవ్వరు. టీచరు ఎక్కడికో వెళ్లిందనీ, కాసేపట్లో వచ్చేస్తుందనీ వాళ్లకు తెలుసు.

ఆ ఏడాది ఆవిడ మనసు వెళ్లిన చోటు ఒక్కటే. ఊరి కింద వాళ్లమ్మ మెస్సవూదాకు చిన్న ఖర్జూరపు తోట ఉంది. ఈశాన్యపు గాలికి ఇసుక దిబ్బ జరుగుతూ జరుగుతూ వచ్చి, ఆ వసంతంలో తోట గోడెక్కింది. మెస్సవూదా గోడ వెంట ఎండు మట్టలు నాటి కంచె కట్టింది. ఇసుక ఆ కంచెను మింగింది. దాని మీదే ఇంకో కంచె కట్టింది. అదీ సగం మునిగింది.

"అమ్మా, కంచె గోడ మీద కాదేమో. ఇంకాస్త అవతల పెట్టాలేమో" అంది మబ్రూకా.

"అవతలంటే ఎక్కడే? అవతలంతా ఇసుకేగా! ఫలానా చోటని నీ పుస్తకాల్లో ఉంటే చెప్పు, ఇప్పుడే మట్టలు మోస్తా."

పుస్తకాల్లో లేదు. కానీ దిబ్బలు ఎలా కదులుతాయో లెక్కగట్టే ప్రోగ్రామొకటి ఇంటర్నెట్లో ఎవరో ఉచితంగా పెట్టారు. ప్రతి ఇసుక రేణువూ తెరమీద ఒక చుక్క. గాలి ఎంత, ఎటు, గోడ ఎక్కడ అని చెబితే చుక్కలన్నీ కదులుతాయి. మబ్రూకా తోట కొలతలన్నీ ఇచ్చి మొదలుపెట్టింది. తెరమీద ఒక్క గాలివిసురు తోట దాటేసరికే బయట సాయంత్రమైంది.

తప్పు ప్రోగ్రాముది కాదు. ఆ లాప్‌టాప్‌ను ఓరాన్ నగరంలో ఆటల పిచ్చి ఉన్న కుర్రాడెవడో వాడి వదిలేస్తే ఆవిడ కొనుక్కుంది. ఇటుకలా బరువు. దాని కడుపులో బొమ్మలు గీసే భాగాలు రెండున్నాయి. చిన్నదే పనంతా చేస్తోంది. పెద్దది గ్రాఫిక్స్ కార్డు, వేల లెక్కలు ఒకేసారి చేయగలది. ఆవిడ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన రోజు నుంచి అది నిద్రలోనే ఉంది. దాన్ని లేపి పని చెప్పాలంటే డ్రైవరు అనే ప్రోగ్రాము, అదీ సరైనది, కావాలి.

ఆవిడ చిన్నమ్మ కొడుకు బహూస్‌కు బజార్లో జిరాక్స్ కొట్టుంది. ఊళ్లో కాస్త నిలకడగా ఇంటర్నెట్ వచ్చేది అక్కడే. శుక్రవారం లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్లింది.

"డ్రైవర్ కావాలి, బహూస్."

"దానికంత ఆలోచనెందుకక్కా! మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు. అద్రార్ దాకా కళ్లు మూసుకుని లారీ తోల్తాడు."

"కళ్లు తెరిచి తోలేవాడు కావాలిరా."

కార్డు చేసిన కంపెనీ సైటులోంచి డ్రైవరు దించి ఎక్కించింది. మెషీను ఆపి మళ్లీ వేసింది. తెర నల్లగా అయిపోయింది. అప్పటికే లోపలున్న పాత డ్రైవరుకూ కొత్తదానికీ పడలేదు. మబ్రూకాకు కంగారు పుట్టలేదు. ఆ నలుపులో తన ముఖం, వెనక వీధిలో నడిచిపోయే తెల్లని వస్త్రాలు కనబడుతుంటే నీళ్లలోకి చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది.

"చచ్చిందా?" అన్నాడు బహూస్, టీ గ్లాసు అందిస్తూ.

"లేదు. అలిగింది."

లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ పాతదొకటి ఉంటే దానితో మెషీన్ను లేపి, ఆ డ్రైవరును పీకేసి, లినక్స్ వాళ్లే సర్దిపెట్టిన డ్రైవరు తీసుకుంది. ఈసారి మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగింది. వాళ్లమ్మ పేరు పెట్టింది. మళ్లీ వేయగానే నీలం తెరొకటి వచ్చి ఏదో అడిగింది. ఇంకేం పాడవుతుందోనన్న భయంతో, 'కొనసాగించు' అన్న మొదటి వరుస నొక్కేసింది. లినక్స్ మామూలుగా వచ్చింది. కార్డు మాత్రం నిద్రలోనే ఉంది.

వారమంతా చదివితే సంగతి తెలిసింది. ఆ మెషీన్లో ఒక కాపలా ఉంది, ముక్కూమొహం తెలియని డ్రైవరును గడప దాటనివ్వదు. "ఇతను మీ మనిషేనా?" అని నీలం తెర మీద అడిగింది అదే. మబ్రూకా జవాబు చెప్పకుండా దాటిపోయింది.

మళ్లీ శుక్రవారం, మళ్లీ బహూస్ కొట్టు. నీలం తెర చేత మళ్లీ అడిగించుకుంది. ఈసారి అవునంది. పాస్‌వర్డ్ అడిగితే వాళ్లమ్మ పేరు కొట్టింది. తప్పంది. నెమ్మదిగా కొట్టింది. మళ్లీ తప్పంది.

"కన్నతల్లి పేరు మర్చిపోయావేంటక్కా? పెద్దమ్మతో చెప్తానుండు" అన్నాడు బహూస్.

మబ్రూకా వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. చూపు ఎటో పోయింది. కాసేపటికి ఆవిడే అంది:

"మన కీబోర్డుల మీద అక్షరాలది ఫ్రెంచి వరస. ఈ కాపలావాడికి ఇంగ్లీషు వరసే తెలుసేమో. నేను ఏ అని నొక్కేది వాడికి క్యూ అవుతోంది."

బహూస్ ఒక్క గంతు వేశాడు. దుబాయి నుంచి ఎవరో తెస్తే, అక్షరాలు తారుమారుగా ఉన్నాయని ఎవరూ కొనని ఇంగ్లీషు కీబోర్డొకటి అరకింద పడి ఉంది. దుమ్ము ఊది, తగిలించాడు. మబ్రూకా ఒక్కో అక్షరమే వెతికి నొక్కింది. నీలం తెర ఒప్పుకుంది. లినక్స్ రాగానే కార్డు పేరు, దాని ఒంటి వేడి, దాని జ్ఞాపకశక్తి ఎంతో అన్నీ తెరమీద గళ్లలో కనిపించాయి.

"మబ్రూక్, మబ్రూకా!" అని వీధంతా వినబడేలా అరిచాడు బహూస్. వాళ్ల భాషలో అభినందించే మాట, ఆవిడ పేరు దాదాపు ఒకటే కావడంతో టీ తాగుతున్నవాళ్లు నవ్వారు, ఎందుకో తెలియకపోయినా వాళ్లూ మబ్రూక్ అన్నారు.

కార్డు చేత లెక్కలు చేయించే సాఫ్ట్‌వేరు ఇంకో పెద్ద మూట. గాలి లేస్తే లైను తెగేది, మళ్లీ దించుకోవాల్సి వచ్చేది. అదీ అయ్యాక, ఒక మధ్యాహ్నం కిటికీలు మూసి, చాప మీద లాప్‌టాప్ పెట్టి తల్లిని పిలిచింది.

లాప్‌టాప్ లోపలి ఫ్యాను, గాలికి ఖర్జూరపు మట్టలు రాసుకున్నట్టు మోత మొదలుపెట్టింది. తెరమీద దిబ్బ కదిలింది. అంచు మీది నుంచి సన్నని పొగలా లేచి, జారి, అవతల వాలి, మళ్లీ లేచింది. ఏళ్ల గాలి కళ్లముందు సాగిపోతోంది. గది చల్లగా, చీకటిగా ఉంది. తల్లీకూతుళ్ల ముఖాల మీద ఇసుకరంగు వెలుగు పాకుతోంది. తాము కూర్చున్న ఇల్లే మెల్లగా ఎటో జరుగుతోందనిపించింది మబ్రూకాకు.

"ఇది మన గోడా?"

"అవునమ్మా."

"గాలి ఆపగలవా?"

మబ్రూకా ఆపింది. రేణువులన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. మెస్సవూదా తెర దగ్గరికి వంగి, ఊపిరి బిగబట్టి, చాలాసేపు చూసింది.

"పుట్టి ఇన్నేళ్లయింది, ఇంత నెమ్మది ఎప్పుడూ చూళ్లేదే" అంది చిన్నగా. తర్వాత, "సరే, వదులు. పాపం, దాని దారి దానిది" అంది.

కంచెను చోటు మార్చి మార్చి చూశారు. దిబ్బ వీపు మీద, గోడకు బాగా అవతల, కాస్త ఏటవాలుగా పెట్టినప్పుడు ఇసుక చాలావరకు అక్కడే ఆగింది. అయినా గోడవారగా ఉన్న చెట్ల వరస మాత్రం ఎలా పెట్టినా దక్కలేదు. మెస్సవూదా అది చూసి లేచి, కొంగు సర్దుకుంది.

"ఆ వరస కాయలు ఈ ఏడు ముందే కోసేద్దాం" అంది.

చలికాలంలో బహూస్, వాళ్ల బావమరిది, ఇంకో ఇద్దరు చుట్టాలు మట్టలు మోశారు. వసంతపు గాలులకు కంచె ముందు ఇసుక పోగుపడింది, తెర మీద చూపినంత చక్కగా కాకపోయినా. గోడవార చెట్లు మెడదాకా కూరుకుపోయాయి. నీళ్ల తొట్టె, మడులు, మిగతా చెట్లు మిగిలాయి.

ఒకరోజు పొద్దున్నే మెస్సవూదా ఆ మడుల్లో బఠాణీ గింజలు వేస్తుంటే, మబ్రూకా తొట్టె గట్టు మీద కూర్చుని కాలువ నీటి చప్పుడు వింటూ ఎటో వెళ్లిపోయింది.

"ఏయ్, బడికి టైమవలా?" అంది తల్లి.

ఆవిడకు వినబడలేదు. మెస్సవూదా తడిచెయ్యి విదిలించి నాలుగు చుక్కలు ముఖాన చల్లేదాకా లేవలేదు.