చంద్రపూర్‌కు క్షమాపణ రాయించడానికి వెళ్లాను

చంద్రపూర్ పోయేవాళ్లు మామూలుగా అక్కడి అడవిలో పులిని చూడ్డానికి పోతారు. నేను మా మరిది రాజేశం చేత క్షమాపణ రాయించడానికి పోయాను.

జనవరి ఇరవై ఐదున పొద్దున తొమ్మిదింటికి కాగజ్‌నగర్‌లో బండెక్కాను. జనరల్ టికెట్టే అయినా కిటికీ పక్కన చోటు దొరికింది. రెండు రోజుల ముందు మా చెల్లెలు సుజాత ఫోన్‌లో ఏడ్చింది. "అక్కా, నువ్వొచ్చి చెప్తెనే ఆయన ఇంటడు. దుకాణంల ఈగలు తోలుకుంట కూసుంటున్నం" అంది.

రాజేశానికి అక్కడి బజారులో బట్టల దుకాణం. మన సైన్యం సరిహద్దు అవతల దాడులు చేసినప్పుడు వ్యాపారులంతా చౌరస్తాలో లడ్డూలు పంచారు. ఈయన తీసుకోలేదు. "అవతల గూడ పిల్లలు సచ్చిన్రు. నాకు గొంతు దిగదు" అన్నాడు. ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికల్లా మా రాజేశం దేశద్రోహి అయిపోయాడు! గిరాకీ ఆగిపోయింది. పక్క దుకాణం వాళ్లు పలకరించడం మానేశారు. గణతంత్ర దినం నాడు జెండా దగ్గర అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే కలుపుకుంటామని బజారు పెద్దలు కబురు పంపారు.

వీరూరు వచ్చేసరికి స్టేషన్ బోర్డుల మీద తెలుగు పోయి మరాఠీ వచ్చింది. ఎదుటి సీట్లో ఒక పెద్దమనిషి ఫోన్‌లో వార్తలు గట్టిగా పెట్టుకుని వింటున్నాడు. "దేశాన్ని తక్కువ చేసి మాట్లాడేటోళ్లను ఊర్లె ఉండనియ్యొద్దు మేడం" అని, సంత్ర పండు ఒలిచి సగం నాకిచ్చాడు. తలూపి తిన్నాను. తియ్యగానే ఉంది. ఏ పనిమీద పోతున్నారని అడిగితే చుట్టాలింటికి అన్నాను.

వార్ధా వంతెన దాటి పదిన్నరకు బల్లార్షాలో దిగాను. స్టేషన్ బయట చంద్రపూర్‌కు షేర్ ఆటోలు ఉంటాయి, అరగంట పైన పడుతుంది. బొగ్గు లారీల వెనక పోవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది.

"రా వదినా, మంచిగున్నవా" అన్నాడు రాజేశం. మనిషి చిక్కిపోయాడు. జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాక నోటుబుక్కు తెమ్మన్నాను.

నేను ముప్పై ఏళ్లు బడిలో పనిచేశాను, చివరి ఎనిమిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌ను. అల్లరి చేసిన పిల్లల చేత ఎన్ని క్షమాపణ పత్రాలు రాయించానో లెక్కలేదు. ఆ ముక్కలే నోటికొచ్చాయి. రాజేశం చదివింది మరాఠీ బడిలో, తెలుగు మాట్లాడతాడు కానీ రాయలేడు. నేను తెలుగులో చెబుతుంటే ఆయన మరాఠీలో రాసుకున్నాడు. అరవై రెండేళ్ల మనిషి, కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని రాస్తున్నాడు. 'నా మాటలకు సిగ్గుపడుతున్నాను' అన్న చోట కలం ఆగింది.

"వదినా, నాకు సిగ్గయితలేదు గద. గిది ఎట్ల రాయాలె?"

"రాయి రాజేశం, కాగితమే కదా."

ఆయన సుజాత వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. రాశాడు. 'ఇకముందు ఇలా చేయను, ఈసారికి మన్నించండి' అని కూడా రాయించాను. నాకు బుద్ధి లేకపోయింది, ఇంకేం చెప్పను.

మర్నాడు ఏడున్నరకు జెండా ఎగరేశారు. రాజేశం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. పాట అయ్యాక మైకు ఆయన చేతికిచ్చారు. కాగితం తీసి చిన్నగా చదవసాగాడు. సగంలో ఉండగా వెనక నించి ఎవరో "జోర్ సే" అని అరిచారు. కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి గట్టిగా చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వ్యాపారుల సంఘం పెద్ద వచ్చి తన చేత్తో ఆయన నోట్లో లడ్డూ పెట్టాడు. నిజంగా ప్రేమగానే పెట్టాడు, వీపు తట్టాడు కూడా. రాజేశం నమిలి మింగాడు. సుజాత గండం గడిచిందని కళ్లు తుడుచుకుంది. నేనూ చప్పట్లు కొట్టాను, ఆ మాట దాచి లాభం లేదు.

పదింటికల్లా దుకాణానికి ముగ్గురు గిరాకీలు వచ్చారు. పక్క దుకాణం నుంచి చాయ్ వచ్చింది. సుజాత నాకు ఎర్రని రసం పోసిన అటుకులు, తర్రీ పోహా తెప్పించింది. కారం, అయినా బాగుంటుంది. చంద్రపూర్ పోతే తినండి. రాజేశం మాత్రం ఏమీ తినలేదు, మీటరు కర్ర పట్టుకుని గుడ్డ కొలుస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం స్కూటర్ మీద నన్ను బల్లార్షా దింపాడు. బండి వచ్చాక సంచీ లోపల పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"వదినా, నిజం చెప్పు. గా దినం నేనన్నది తప్పా?"

"కాదు రాజేశం."

"మరి గా మాట నిన్న ఎందుకు చెప్పలె?"

బండి కదిలింది. వార్ధా దాటాను, వీరూరు దాటాను, ఏమని చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ ఊరి వాళ్లు చెడ్డవాళ్లని రాయలేను. పొద్దున లడ్డూ పెట్టిన చెయ్యి రేపు కష్టానికీ వస్తుంది. వాళ్లకు కావలసింది ఒక్కటే, ఆయన వేరే మాట అనకూడదు. ఆ మాటను ఆయన నోటి నుంచి తీసేసింది వాళ్లు కూడా కాదు, నేను.

కాగజ్‌నగర్‌లో దిగగానే ఫోన్ చేశాను. "రాజేశం, నాకు భయమైంది. అందుకే చెప్పలేదు" అన్నాను.

అవతల మీటరు కర్ర కింద పెట్టిన చప్పుడైంది.

"ఇగ నాకు గూడ భయమైతుంది వదినా" అని ఫోన్ పెట్టేశాడు.